బొగ్గులుకి రెండు గ్లాసులు

నూకాలమ్మకి అరవై ఎనిమిదేళ్లు. కుక్కకి అన్నం పెట్టేటప్పుడు స్టీలు గ్లాసు నిండా తీసి, బొటనవేలితో అంచు గీసి, పైన మిగిలిన మెతుకులు మళ్లీ గిన్నెలో వేసేస్తుంది. రోజూ రెండుసార్లు ఇదే పని.

చేపల రేవు వెనక సందులో ఆమెది రెండు గదుల రేకుల ఇల్లు. ఎదురింటి మేడ మీద నేను అద్దెకుంటాను. శుక్రవారం సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుని గ్లాసు గీస్తుంటే అడిగాను. "మామ్మా, నువ్వు తినే అన్నం ఎప్పుడూ కొలవగా చూడలేదు. కుక్కకెందుకు కొలుస్తావు?"

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను.

అడిగీసావ్. నాను అనుకుంటానే ఉన్నాను, ఈ గుంట మేడమీంచి రోజూ సూత్తన్నాది, ఎప్పుడో అడుగుతాదని. కూకో. ఆ పీట ఇటు జరుపుకో, అక్కడ సేప నీలు పడ్డాయి. టీ తాగుతావేటి? వద్దా? మీ సదువుకున్నోల్లు వద్దంటే నిజంగా వద్దనో, మర్యాదకి వద్దనో నాకు తెల్దు తల్లీ. ఆకలేస్తే అడుగు. అడగాల. ఆ మాటే సెప్పబోతన్నాను నీకు.

కొలతంటావా? డాట్రమ్మ సెప్పిన కొలత. పసువుల డాట్రమ్మ. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. అన్నంలో ఉడకబెట్టిన సేప కలిపి, ముల్లు తీసీసి, ఉప్పూ కారం లేకుండా. అంచు దాటకూడదు, అంచుకి తగ్గకూడదు. ఉప్పు లేని సేప ఎలగ తింటాది అనుకున్నాను ముందు. తింటాది. గిన్నె నాకీసి మల్లీ నా మొకం సూస్తాది. దా, బొగ్గులూ. దా. సూడు ఎలగ వొస్తాదో, పెల్లికూతురిలాగ.

ఊరికే సెప్పట్లేదు నీకు. ఎల్లుండి ఆదివారం నాను పరవాడ ఎల్లాల. మా పైడమ్మ దగ్గిరికి. దానికో మాట సెప్పాల. పదహారేల్ల నుంచీ సెప్పని మాట. ముందు నీకు సెప్పి సూసుకుంటాను, నోరు తిరుగుతాదో తిరగదో. బస్సెక్కి అంత దూరం ఎల్లి, దాని ముందు కూకుని, నోరు పెగలక వొచ్చీసాననుకో, ఇంక ఎప్పుడూ సెప్పను. నా సంగతి నాకు తెలుసు. అందుకని నువ్వు మద్దిలో మాటాడకు. ఆ ఫోను పక్కనెట్టు. రికాడు సేసుకుంటావా? సేసుకో, నాకేటి. నా గొంతు ఇనడానికి ఎవులున్నారు.

పైడమ్మంటే నా కూతురు. నలబైకి దగ్గిర పడినాది. పరవాడలో మందుల కంపెనీలో డబ్బాలకి కాగితాలు అంటిస్తాది. ఒక గది తీసుకుని ఒక్కర్తీ ఉంటాది. రోజూ రేత్రి, అంటే రేత్రి కాదులే, ఏడింటికి, దీపాలెట్టే ఏల దాటాక ఫోను సేస్తాది. "తిన్నావా అమ్మా?" అంటాది. "తిన్నాను, నువ్వు తిన్నావా?" అంటాను. "తిన్నాను" అంటాది. ఎట్టీస్తాది. అంతే. పండగైనా అంతే, జొరమొచ్చినా అంతే. ఆ ముక్క కోసమే నాను ఏడైతే ఎక్కడికీ కదలను.

సరే, ముందు బొగ్గులు సంగతి సెప్పాల. లేకపోతే నీకు అర్దం కాదు.

ఇది మూడేల్ల కిందట రేవులో నా గంప ఎనక పడి వొచ్చీసినాది. నల్ల కుక్కనుకున్నాను. పోర్టు పక్కనే కదేటి మనం, గాలెప్పుడు ఇటు తిరిగినా బొగ్గు పొడి. ఆరేసిన సీరలు నలుపు, మంచినీల బిందె నలుపు, ముక్కు సీదితే నలుపు. ఇదీ నలుపే. బొగ్గులూ అని పిలిసీదాన్ని. ఆ ఏడు శావనంలో పెద్ద వాన పడినాది, మర్నాడు లెగిసి సూస్తే గుమ్మంలో ఒక తెల్ల కుక్క! పో పో అని సీపురుకట్ట తీసాను. అది తోకాడించి నా కాల మీద పడుకుండిపోనాది. అప్పుడు తెలిసినాది, ఇదేలే అని. పేరు మాత్రం మారలేదు.

అప్పుడు దానికి కొలతలూ లేవు, ఏటీ లేవు. మా ముసలోడు బతికున్న రోజులనుంచీ ఇంట్లో ఒకటే పద్దతి. ముందు మగోల్లు తినాల. తరవాత పిల్లలు. ఆ తరవాత నాను. గిన్నెలో ఏటి మిగిలితే అది. ఒక్కో రోజు పులుసు మిగిలితే ముక్క ఉండదు, ముక్కుంటే అన్నం ఉండదు. ముసలోడు పోయి ఆరేల్లయినాది. కొడుకు గుజరాతు బోట్ల మీద ఎల్లిపోయాడు. ఇంట్లో నానొక్కదాన్నే. అయినా సూడు, నాను అన్నం వొండి మూతెట్టీసి, ఇల్లు తుడిసి, అంట్లు తోమి, అన్నీ అయ్యాకే తినీదాన్ని. ఎవులి కోసం ఆగతన్నాను? ఎవులూ లేరు. అయినా ఆగతన్నాను. దానికి నాను తిన్నాక మిగిలింది. మిగిల్నదాంట్లో మిగిల్నది.

నవ్వుతున్నావేటి? నవ్వు. నాకూ నవ్వే వొచ్చినాది తరవాత.

ఇంకోటి సెప్పాల. నా సెయ్యి. ఇదిగో ఈ కుడి సెయ్యి. నలబై ఏల్లు గంప మోసాను. పొద్దున రేవులో ఏలంపాటలో సేప కొని, బస్సెక్కి గాజువాక, అక్కడ దిగి స్టీలుప్లాంటు కోటర్సులు. కండట్రు గంప ఎక్కించుకునీవోడు కాదు, కంపు కంపు అని. ఆడింట్లో పులుసు మాత్రం కంపు కాదంట. ఆ, ఏటి సెప్తన్నాను, సెయ్యి. కాటా మోసుకెల్లడం బరువని నాను సేత్తోనే తూసీదాన్ని. కోటర్సులో ఒకాయన, ఇంజనీరు, నమ్మలేదు. ఇంట్లోంచి తక్కెడ తెచ్చాడు. వంజరం ముక్క ఎత్తి కేజీ నూటేబై అన్నాను. ఏసాడు. కేజీ నూటేబై. ఇంకోటి ఏసాడు. అదీ అంతే. ఆల్లావిడ కిటికీలోంచి సూసి, "ఇంక సాలు, ఆవిడ ముందు పరువు తీసుకోకండి" అన్నాది. అప్పట్నుంచి ఆ లైనంతా నా సెయ్యే కాటా. వొంద గ్రాములు తేడా వొస్తే సెయ్యి నరుక్కుంటాననీదాన్ని. గొప్పకి. ఈ మాట గుర్తెట్టుకో. ఎనక్కొస్తాను దీనికి.

మొన్న ఎండల్లో బొగ్గులు కడుపుతో ఉన్నాది. మెట్ల కింద గోనెలేసి పడక ఏసాను. అయిదు పిల్లల్ని ఎట్టినాది. రెండు తెల్లవి, రెండు మచ్చలవి, ఒకటి ఏటో దుమ్ము రంగు. నాకు ఎంత సంబరమో. ఇంట్లో పురుడొచ్చి ఎన్నాల్లయినాదో. కుక్కయితే ఏటి, బాలింత బాలింతే కదేటి. సరే, బాలింతకి ఏటి సేస్తాం? పద్యం పెడతాం.

మీ ఇల్లల్లో ఉన్నాదో లేదో, మా ఇల్లల్లో ఉన్నాది. పురుడయ్యాక మూడు రోజులు కారం ముద్ద. ఎల్లుల్లి, మిరియం, కాయం నూరి. తరవాత పొద్దున ఒక గుప్పెడు అన్నం, కాల్సిన ఎండు సేప. సాయంత్రం ఏటీ లేదు. నీలు గొంతు తడుపుకోడానికే, కాసి సల్లార్సినవి, నాలుగు గుటకలు. ఎక్కువ నీలు తాగితే ఒల్లు ఉబ్బుతాది, పొట్ట జారుతాది అంటారు. పచ్చి ఒల్లు ఆరాల అంటారు. ఎవులంటారు? అందరూ అంటారు. మా అమ్మన్నాది, ఆల్లమ్మన్నాది. నానూ అన్నాను.

కుక్కకి కూడా అదే ఎట్టాను. ఎట్టడం కాదు, ఎట్టకుండా ఉన్నాను. పేమతోనే. దీని గిన్నెలో నీలు వొంపీసాను. ఎల్లుల్లి నూరి గుప్పెడన్నంలో కలిపి ఎట్టాను. అది తినీసి నా మొకం సూసీది. ఇంకా కావాలని. "ఓర్సుకోవే, బాలింతవి, పద్నాలుగు రోజులు ఓర్సుకో" అనీదాన్ని దాని తల నిమిరి. పక్కింటి సత్తెమ్మ సూసి, "ఓలమ్మో నూకాలప్పా, కుక్కక్కూడా పురుడు పోస్తన్నావేటి, బారసాల ఎప్పుడు?" అన్నాది. "నీకు సెయ్యనిది దానికి సేత్తన్నాను, నోరు మూసుకో" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎంత నవ్వుకున్నామో.

పన్నెండో రోజు పొద్దున పిల్లలు ఒకటే ఏడుపు. సూస్తే బొగ్గులు కాల్లు నాలుగూ కర్రల్లాగ సాపీసి వొణికిపోతన్నాది. నోట్లోంచి సొంగ. కల్లు ఎక్కడో ఉన్నాయి. దుమ్ము రంగుది పక్కన సల్లగా అయిపోయి ఉన్నాది. దాన్ని సేపల గంపలో ఎట్టాను. మిగిల్న నాలుగు పిల్లల్నీ కొంగులో కట్టుకున్నాను. ఆటో అప్పన్నని కేకేసాను. వొన్‌టౌన్‌లో సరుకులేసీవోడు, నీకు తెలుసు కదా, ఎర్ర ఆటో. ఆడు గంపలోకి సూసి, "అప్పా, ఇయాల సేపకి తోకెలగ వొచ్చినాది?" అన్నాడు. నా మొకం సూసి ఎంటనే బండి తీసాడు. పసువుల ఆసుపత్రి దాకా ఎక్కడా ఆపలేదు.

డాట్రమ్మ చిన్న పిల్లే. నీ ఈడుంటాది. బల్ల మీద పడుకోబెట్టమన్నాది. నరానికి సూదేసి, మందు సుక్క సుక్కా ఎక్కిత్తా, ఒక సెయ్యి దాని గుండె మీద ఎట్టుకునే ఉన్నాది. ఒంట్లో సున్నం అంతా పాలల్లోకి పోయినాదంట, అందుకే కాల్లు బిగుసుకున్నాయంట. ఎక్కిత్తానే అడిగినాది. "ఏం పెడుతున్నారు దీనికి?"

"పద్యం ఎట్టానమ్మా" అన్నాను. గొప్పగానే అన్నాను సూడు.

"పథ్యమేంటి?"

సెప్పాను. గుప్పెడన్నం, ఎల్లుల్లి, నీలు లేకుండా. ఆవిడ మొకం ఎత్తలేదు. దాని గుండె మీద సెయ్యి తియ్యలేదు. "వెల్లుల్లి కుక్కకి విషం మామ్మా" అన్నాది. "అయిదు పిల్లలకి పాలిచ్చే తల్లికి నీళ్లు కూడా పెట్టలేదా?" అన్నాది. తిట్టలేదు. తిడితే బాగున్ను.

బొగ్గులు వొణుకు తగ్గినాది. అరగంట పట్టినాది. అప్పుడు బరువు ఎంతుంటుందో చూడాలి, తిండి లెక్క కట్టాలి అన్నాది. మిసను లోపల ఉన్నాదంట. నాను సేత్తో ఎత్తి పన్నెండున్నర అన్నాను. ఆవిడ నవ్వి తీసుకెల్లి ఏసినాది. పన్నెండున్నర. నవ్వు ఆగిపోనాది.

అప్పుడు కాగితం మీద రాసి, నాకు సదువు రాదని సదివి సెప్పినాది. మామూలప్పుడు దీని బరువుకి రోజుకి రెండు గ్లాసులు. కడుపుతో ఉంటే ఆకర్న మూడు. పాలిచ్చినప్పుడు ఆరు. ఆరు గ్లాసులు తల్లీ! అయిదారుసార్లు ఎట్టమన్నాది. ఇంకా అడిగితే ఇంకా ఎట్టమన్నాది. నీల గిన్నె ఎప్పుడూ నిండుగా పక్కనే ఉండాల. "ఎక్కువైందో తక్కువైందో ఎలగ తెలుస్తాది?" అన్నాను. నా సెయ్యి పట్టుకుని దాని డొక్క మీద ఎట్టినాది. "ఎముకలు చేతికి తెలియాలి, కంటికి కనపడకూడదు. అదీ కొలత" అన్నాది. దానియ్యి కంటికి కనపడతన్నాయి. ఒక్కోటీ ఎంచొచ్చు.

తరవాత పిల్లల్ని తీసుకుని ఒక్కోదాన్నీ తూసినాది. "రోజూ ఒకే వేళకి తూచు మామ్మా. నీ చెయ్యి ఉంది కదా. పిల్ల ప్రతిరోజూ కొంచెం పెరగాలి. పెరక్కపోయినా, తగ్గినా, తల్లికి తిండి చాలట్లేదని అర్థం. తల్లిని తిట్టకు, తల్లికి పెట్టు" అన్నాది.

నాను అక్కడే కింద కూకుండిపోయాను. కల్లు తిరిగాయనుకుని ఆవిడ నీలిచ్చినాది. కల్లు తిరగలేదు.

పైడమ్మ కాన్పయ్యాక పురుడు రోజులు నా ఇంట్లోనే. పదహారేల్ల కిందట. ఈ గదిలోనే, అదిగో ఆ మూల నులక మంచం ఏసాం. మగపిల్లోడు. పెద్దాసుపత్రిలో పుట్టాడు. నర్సమ్మ నా సేతిలో ఎట్టగానే "రెండు కేజీల తొమ్మిదొందలు" అన్నాను. ఆవిడ కాగితం సూసి, "కాటా మింగావేంటి?" అన్నాది. మేం ఇంటికొచ్చేటప్పుడు సెప్పినాది, అన్నీ పెట్టండి, నీళ్లు బాగా తాగించండి అని. నాను తలూపాను. బయటికొచ్చి, "పెల్లి కాని గుంట, దీనికేటి తెలుసు" అన్నాను. ఆ మాట పైడమ్మ ఇన్నాది.

గుప్పెడన్నమే ఎట్టాను. నాలుగు గుటకల నీలే ఇచ్చాను. అది, "అమ్మా, ఆకలే" అనీది. "ఓర్సుకో, మేం ఓర్సుకోలేదేటి" అనీదాన్ని. "ఇంకొక్క ముద్ద ఎట్టవే" అనీది. "ఆడపిల్లకి అంత ఆకలేటే, ఎవులైనా ఇంటే నవ్వుతారు" అనీదాన్ని. ఒకరోజు నాను రేవు నుంచొచ్చేసరికి కడవ దగ్గిర కూకుని సెంబుతో నీలు తాగతన్నాది. గటగటా. దొంగలాగ. సెంబు లాగీసాను. దాని గెడ్డం మీంచి నీలు కారతన్నాయి, జాకెట్టు తడిసిపోనాది. తడిసింది నీలతోనే, పాలతో కాదు. అప్పుడు ఆలోసించలేదు. ఇప్పుడు కల్లు మూసుకుంటే అదే కనపడతాది.

రేవులో పాలసొర సేప పడినాది ఒకరోజు. అది తింటే బాలింతకి పాలు పడతాయి. మా ఆడోల్లందరికీ తెలుసు. ఏరి తెచ్చి, ఉడకబెట్టి పొడిపొడిగా ఏపి సొరపుట్టు సేసాను. కూతురి కోసమే సేసాను, అబద్దం కాదు. అంతలో మా ముసలోడు ఏట నుంచొచ్చాడు, కొడుకొచ్చాడు. సముద్రం మీంచొచ్చినోల్లకి ముందెట్టాల కదా. ఎట్టాను. బాగున్నాదే, ఇంకొంచెం ఎయ్యి అన్నారు. ఏసాను. పైడమ్మకి అడుగు గీకి ఎట్టాను. మగోల్లిద్దరికీ పాలు పడ్డాయేటో మరి! నువ్వు నవ్వట్లేదేటి ఇప్పుడు?

ఇదంతా ఆడోల్లే ఆడోల్లకి సేసుకుంటారు, మాకేటి తెలుసు అనీవోడు మా ముసలోడు, తరవాత. నిజమే. ముద్ద లాగీసింది నా సెయ్యే. కానీ ఆ ముద్ద ఎవులి కంచంలోకి ఎల్లినాదో ఆడెప్పుడూ సూడలేదు. సూడక్కర్లేదు కదా ఆడికి. నాకు సూడాల్సిన పని ఉన్నాది. నాను సూడలేదు.

పదో రోజు పురుడు నీలు పోసాం. పిల్లోణ్ని ఎత్తాను.

రెండున్నర.

మల్లీ ఎత్తాను. రెండున్నరే.

వొంద గ్రాములు తేడా పట్టే సెయ్యి నాలుగొందలు పట్టదా పాపా? పట్టినాది. సెయ్యి సెప్పినాది నాకు. పిల్లోడు పెరగాల్సింది పోయి తగ్గిపోతన్నాడని. నాను ఆణ్ని దాని పక్కలో పడుకోబెట్టి, "దిస్టి తగిలినాది, ఉప్పు తీసి పడెయ్యాల" అన్నాను. పైకి అదే అన్నాను. ఎందుకన్నానంటావ్? తగ్గాడంటే ఎందుకు తగ్గాడని అడుగుతారు. అడిగితే నాను తప్పవుతాను. మా అమ్మ తప్పవుతాది. నాకు నలుగురు పుట్టారు, ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ ఎలగ పోయారో కూడా అప్పుడు ఎనక్కెల్లి సూసుకోవాల. ఎవులు సూసుకుంటారు? దిస్టి అంటే అయిపోతాది.

రోజూ ఎత్తీదాన్ని. రోజూ తెలిసీది. తరవాత ఎత్తడం మానీసాను.

పాలు సాలట్లేదని గేదె పాలల్లో నీలు కలిపి సీసాతో ఎట్టాం. ఇరేసనాలు పట్టుకున్నాయి. పెద్దాసుపత్రికి ఎల్లాం. ముప్పై నాలుగో రోజు పోయాడు.

పైడమ్మ అత్తోరు వొచ్చారు. అత్త గది మద్దిలో నిలబడి, "పాలు లేని దాన్ని కట్టబెట్టారు మాకు" అన్నాది. అందరూ నా మొకం సూసారు. నాను ఏటన్నానో తెలుసా? "మా పిల్లకి పాలు పడలేదు, దాని రాత, ఏటి సేత్తాం" అన్నాను. అది మంచం మీద కూకుని ఉన్నాది. నా ఏపు సూసినాది. బొగ్గులు సూసినట్టే. ఇంకా ఏదో ఎడతానని.

ఏడాది తిరక్కుండా దాని మొగుడు ఇంకోదాన్ని కట్టుకున్నాడు. దీన్ని ఇంకెవులూ అడగలేదు. అడిగినా ఇది ఒప్పుకోలేదు. ఒకసారి, చాన్నాల్ల తరవాత, గంప దించుతా నాను మాటవరసకి "మల్లీ పెల్లి సేసుకోరాదేటే" అన్నాను. "నా ఒంట్లోనే ఏదో లేదమ్మా, ఇంకో పిల్లని సంపుకోమంటావా?" అన్నాది. మర్నాడే పరవాడలో పనికి కుదురుకున్నాది.

అదీ మాట. అది పదహారేల్ల నుంచీ దాని ఒంటిని అదే తిట్టుకుంటన్నాది. ఆ ఒంటికి ఏటీ లోపం లేదు. కూడు లేదు. అంతే.

డాట్రమ్మని అడిగాను ఆ రోజే. "మనుసులక్కూడా ఇంతేనా అమ్మా?" అని. "నేను పశువుల డాక్టర్ని మామ్మా" అన్నాది. నాను లెగలేదు అక్కణ్నుంచి. మొత్తం సెప్పీసాను, నీకు సెప్పినట్టే. ఇంకా తక్కువే సెప్పాను. సేప నీల గంప ముందెట్టుకుని. ఆవిడ చేతులు కడుక్కుంటా ఇన్నాది. "అదొక్కటే కారణమని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. సీసా పాలు కూడా కారణమే. కాని ఏ తల్లికైనా పాలు ఊరికే రావు మామ్మా. తింటే వస్తాయి, తాగితే వస్తాయి" అన్నాది. బయట ఇంకో కుక్క అరుస్తన్నాది. ఆవిడ ఎల్లిపోనాది.

ఇంటికొచ్చాక నా డొక్క మీద నానే సెయ్యేసుకుని సూసుకున్నాను. అద్దంలో కూడా సూసుకున్నాను. కంటికి కనపడతన్నాయి.

కుక్కకి కొలతున్నాది. ఫారం కోడికి ఉన్నాదంట. స్టీలుప్లాంటులో పొయ్యికి ఎంత బొగ్గెయ్యాలో కాగితం మీద రాసి ఉంటాదని ఆ ఇంజనీరే సెప్పాడు ఒకసారి. తగ్గితే పొయ్యి పాడైపోతాదంట, మల్లీ ఎలిగించలేరంట. ఆడదానికి మాత్రం ఎవులూ కాగితం రాయలేదు. మిగిలింది అని రాసారు. నానే రాసాను.

బొగ్గులు బతికినాది. రెండు రోజులు పిల్లలకి దాని పాలు ఆపి డబ్బా పాలు సీసాతో ఎట్టమన్నాది డాట్రమ్మ. నీలు కలపలేదు ఈసారి, సెప్పిన కొలతే. అయినా ఇంకోటి పోనాది, మచ్చలది. మూడు నిలబడ్డాయి. రోజూ పొద్దున ఎత్తి తూసీదాన్ని. పైకి సెప్పీదాన్ని, గట్టిగా, సందులో అందరికీ ఇనపడాలని. ఏడొందలా యాబై! ఎనిమిదొందలు! సత్తెమ్మ, "ఏలంపాటేటి అప్పా?" అనీది. ఆరు గ్లాసులూ తిన్నాది బొగ్గులు. ఆకర్న ఒక్క మెతుకు గిన్నెలో వొదిలీసి, మొకం తిప్పుకుని ఎల్లి పడుకున్నాది ఒకరోజు. సాలు అని. సాలు అనడం నాను దాని దగ్గిరే సూసాను మొదటిసారి. మా ఇంట్లో ఏ ఆడదీ సాలు అనలేదు ఎప్పుడూ. సాలు అనీ దాకా ఎవులెట్టారు?

ఒక పిల్లని అప్పన్న తీసుకెల్లాడు. ఒకదాన్ని వొన్‌టౌన్‌లో బట్టల కొట్టు బీబీగారు, ఒకదాన్ని రేవులో మంచు మర కాడ కాపలావోడు. పిల్లలు ఎల్లిపోయాక మల్లీ రెండు గ్లాసులకి దించాను. ఒకేసారి కాదు. ఆరు, అయిదు, నాలుగు, అలగ. ఇప్పుడెక్కువెడితే ఒల్లొచ్చి అదీ రోగమేనంట. అందుకే ఏలితో గీస్తాను. నా సేతి మీద నాకు నమ్మకం లేక కాదు. ఈ సెయ్యి ఎప్పుడూ తప్పు సెప్పలేదు. నోటి మీదే నమ్మకం లేదు.

సెప్తే ఏటవుతాదో నాకు తెల్దనుకుంటున్నావా? అది ఇంక నన్ను అమ్మా అనదు. ఏడింటికి ఫోను ఆగిపోతాది. నాకింక మిగిలింది ఆ ఫోనే. సెప్పకపోతే నాను పోయీ దాకా ఆ ఫోనొస్తాది, నా కూతురు నా తల కాడ కూకుని ఏడుస్తాది కూడా. తన ఒంటిని తిట్టుకుంటా నాకోసం ఏడుస్తాది. రెండు నెలలయినాది నాను ఇది తూసుకుంటా. అటేస్తాను, ఇటేస్తాను. ఇలగ ఎప్పుడూ తూగలేదు నా సేతికి ఏదీ.

ఇను. ఇలగ సెప్తాను. "పైడమ్మా, నీకు పాలు లేకపోలేదు. నాను కూడెట్టలేదు. పిల్లోడు తగ్గిపోతన్నాడని పదో రోజే నా సేతికి తెలుసు. నోరు మూసుకున్నాను. అందరి ముందూ నీ మీద ఎట్టీసాను."

వొచ్చినాది కదా నోటికి? వొచ్చినాది. సొరపుట్టు సేసి కేరేజీలో ఎట్టుకెల్దామనుకున్నాను. అది తిన్నాక సెప్తాను. కాదు కాదు. తిన్నాక సెప్తే తిన్నది లోపల ఉండదు. ముందే సెప్పీసి... ముందే సెప్తే అసలు తినదు. ఇదొక్కటే తేల్లేదు నాకు.

నువ్వేటే, అలగ కూకున్నావ్. మొకం పీక్కుపోయి ఉన్నాది. మద్యాన్నం ఏటి తిన్నావ్? బిస్కత్తులా? ఉండు, అన్నం ఉన్నాది. నాను ఇప్పుడు ఏడిగా ఉన్నప్పుడే తింటన్నాను, నువ్వూ తిను. పెల్లి సేసుకో, మానీ, పిల్లల్ని కను, మానీ, నాకనవసరం. కడుపు నిండా తిను తల్లీ. సాలు అని నీ నోటితో నువ్వే అను, ఇంకోలు అనకుండా. సల్లగా ఉండు. నీ ఒంటికి ఏ లోపం లేదని నమ్ము...

అదిగో, ఏడైనాది. మోగుతాది సూడు. బొగ్గులూ, అరవకు.

ఆ, పైడమ్మా... తిన్నాను. నువ్వు తిన్నావా?... ఆదివారం నాను వొస్తన్నానే. ఊరికే. ఊరికేనే...

ఆదివారం నూకాలమ్మ పరవాడ వెళ్లి ఆ మాట చెప్పింది. ఆ రోజు నుంచి ఏడింటికి ఫోను రావడం లేదు.